ఇంటి నిబంధనలు, మూడో దిద్దుబాటు

రౌమా రేవులో మూడింటికే చీకటి.
ఓడల యార్డు వెనక మూడంతస్తుల ఇల్లు, దాని సెల్లార్,
ఆవిరిగది పక్కన బట్టలారేసే గదిలో
మా బల్ల.
నలుగురం. ఒక పటం. ఏలకుల రొట్టె,
అంచు అరిగిన ఇరవై ముఖాల పాచిక.

తప్పు నాదే.
మొదటి చలికాలం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆడించాను.
రెండు చేతుల ఖడ్గానికి దెబ్బ ఎక్కువ,
ఇంకెవరైనా ఇంకేం పట్టుకుంటారు?
పూజారికి ఖడ్గం. దొంగకి ఖడ్గం.
నా నడుము దాకా రాని మరుగుజ్జుకీ
తనకంటే జానెడు పొడుగైన ఖడ్గం.
ఎదురొచ్చింది ఎలుకైనా సరే,
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.
ఈటెలు తుప్పు పట్టాయి,
కాగితం మీద ఉన్నవే అయినా.

ముప్ఫై ఒక్క ఏళ్ళు యార్డులో పనిముట్ల గది కాశాను.
కిటికీ దగ్గరికొచ్చిన ప్రతి కుర్రాడూ
అడిగేది పెద్ద సుత్తే.
సాయంత్రం మళ్ళీ వచ్చి, తల గోక్కుంటూ,
"ఆ సన్న ఆకురాయి ఉందా, తైస్తో?"

కత్తి మీద సాము అంటారే,
కత్తులకు తూకం కుదర్చడం అదే.
కొలతల పుస్తకం వెనకవైపు రాశాను:

సొరంగం నాలుగడుగుల లోపైతే
పొడుగు ఖడ్గం గోడనే నరుకుతుంది.
మొదటి పోటు ఎప్పుడూ ఈటెది,
మొన దాటి లోపలికొచ్చావా, అది వట్టి కర్ర.
గొడ్డలి డాలును చీలుస్తుంది.
డాలు ఒక్కసారి, ఒక్కసారే,
చచ్చే దెబ్బను తాను తిని నీ బదులు ముక్కలవుతుంది.
ఎంత చెట్టుకు అంత గాలి,
ఎంత కత్తికి అంత చోటు.

హిల్క ఎర్ర పెన్ను తీసింది.
"ఐదు కూడికలు, రెండు తీసివేతలు,
ఒక్క దెబ్బకి! ఇది పోరాటమా, జీతాల పట్టికా?"
నిజమే. ఆ వారం ఒక్క పిశాచి చావడానికి
గంటా పది నిమిషాలు పట్టింది.
దానికీ విసుగొచ్చి ఉంటుంది.
వానకు వింటితాడు నానే నిబంధన కొట్టేశాను.
నాకు ఇష్టమైనది. పోయింది.

పిడిబాకు దగ్గర ఆగాం.
దెబ్బ: నాలుగు ముఖాల పాచిక, ఒక్కటి.
"ఇంతేనా" అంది ఇర్యా.
అత్యవసర విభాగంలో రాత్రి నర్సు, మాట తక్కువ.
రొట్టె పళ్ళెంలో పెట్టి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దూరం చూపించింది.
"నడివేసవి పండుగ రాత్రి ఒకడు నడిచే వచ్చాడు.
చేపలు కోసే చాకు. చొక్కా మీద చుక్కంత.
కూర్చోమన్నాను. పేరు చెప్పాడు.
పుట్టిన తేదీ సగం చెప్పాడు."

పక్కన డ్రయ్యర్ తిరుగుతోంది,
ఎవరివో బొత్తాలు టకటకమంటూ.

కాసేపటికి హిల్క ఎర్ర పెన్ను నా వైపు తోసింది.
రాశాను: ఒళ్ళూ ఒళ్ళూ తగిలేంత దగ్గరలో
పిడిబాకుకు పై హద్దు లేదు.
నాలుగు పడితే మళ్ళీ వెయ్యి.
మళ్ళీ నాలుగైతే మళ్ళీ.

తర్వాతి గురువారమే
హిల్క మనవడు ఎలియెల్, పదిహేడేళ్ళు,
బందిపోటు నాయకుడి మీదికి బల్లకింద నుంచి దూకాడు.
నాలుగు. నాలుగు. నాలుగు. మూడు.
వసంతం దాకా దాచుకున్న నా కథంతా
రొట్టె పొడి మధ్య కూలిపోయింది.
కేకలు. బల్ల మీద గుద్దులు. నేనూ అరిచాను.
నిబంధన పనిచేసింది కదా!

ఇర్యా అరవలేదు.
"వాడి పేరేమిటి?" అంది.

నా కాగితంలో ఉన్నది: బందిపోటు నాయకుడు, ప్రాణం పదమూడు.
యార్డు మూసేసిన ఏడు
ఆకురాయి తిరిగివ్వకుండా వెళ్ళిపోయిన కుర్రాడి పేరు
ఎందుకో నోటికొచ్చింది.
చెప్పాను.

ఆమె రాసుకుంది,
తన ఆయుధాల వరసలో, ఆఖరి గీత మీద.
దాని బరువెంత అని ఎలియెల్ అడిగాడు.
బరువు గడి ఖాళీగానే ఉంచమన్నాను.